పోడు, పట్టా, గ్రామసభ

ఈ నెల మీరు రాసిన ఉత్తరాల్లో సగానికి పైగా అడవి భూమి గురించే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయి ముప్పాతిక శతాబ్దం దాటింది. వాళ్లు పెట్టిన అడవి చట్టాలు ఇంకా ఎలా నడుస్తున్నాయి? అల్లూరి సీతారామరాజు దేని మీద తిరగబడ్డారో అదే ఇప్పటికీ ఉందంటే అతిశయోక్తి అవుతుందా?
(విశాఖపట్నం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

అతిశయోక్తి కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. రాజ్యాంగంలోని 372వ అధికరణం ప్రకారం, అంతకు ముందున్న చట్టాలను చట్టసభలు మార్చేదాకానో రద్దు చేసేదాకానో అవి అలాగే అమల్లో ఉంటాయి. రాత్రికి రాత్రి దేశంలో చట్టమనేదే లేకుండా పోకూడదని చేసిన ఏర్పాటు అది. కానీ 1860 నాటి శిక్షాస్మృతి 2024 జులై 1 దాకా, 1894 నాటి భూసేకరణ చట్టం 2013 చివరిదాకా నడిచాయి. అడవి చట్టాలదీ ఇదే దారి.

1864లో అటవీ శాఖ పెట్టినప్పుడు ప్రభుత్వానికి కావలసింది కలప, ముఖ్యంగా రైలు పట్టాల కింద వేసే దిమ్మలకు. మన వైపు మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. అది పనిచేసే తీరు తెలిస్తే ఇవాళ్టి తగాదాల మూలం అర్థమవుతుంది. ముందు నాలుగో సెక్షన్ కింద 'ఈ హద్దుల మధ్య భూమిని రిజర్వు చేయబోతున్నాం' అని గెజిట్‌లో ప్రకటిస్తారు. హక్కులున్నవాళ్లు ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసరు ముందు చెప్పుకోవడానికి కొన్ని నెలల గడువిస్తారు. ఎవరూ రాకపోతే హక్కులేవీ లేనట్టే. చివరి ప్రకటన వెలువడ్డాక అది రిజర్వు ఫారెస్టు. కొండ మీద ఉండే కోయ, కొండరెడ్డి కుటుంబానికి గెజిట్ ఎక్కడ కనిపిస్తుంది? కనిపించినా ఎవరు చదివి చెబుతారు? అలా తరతరాలుగా పోడు కొట్టుకున్న, అంటే కొండ మీద చెట్లు నరికి, కాల్చి సాగు చేసుకున్న మనిషి తన చేలోనే ఆక్రమణదారు అయ్యాడు. 1927 నాటి భారత అటవీ చట్టమైతే పోడును హక్కుగానే ఒప్పుకోలేదు. ప్రభుత్వం అదుపు చేయగల, తగ్గించగల, రద్దు చేయగల వెసులుబాటు మాత్రమేనని తేల్చేసింది.

1879 నాటి రంప తిరుగుబాటుకు కల్లు మీద పన్ను, ముఠాదార్ల (కొండ గ్రామాల పెత్తందార్ల) మీద ఒత్తిడితో పాటు పోడు మీద ఆంక్షలూ కారణమే. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు జరిగే నాటికి వాటికి తోడు రోడ్ల పనుల్లో వెట్టి కూడా వచ్చి చేరింది. నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్ ప్రాణమిచ్చింది కూడా ఈ భూమి కోసమే.

స్వాతంత్ర్యం తరవాత జమీందారీల రద్దుతో జమీందార్ల అడవులూ ప్రభుత్వానికి వచ్చాయి. 1967లో మనం సొంతంగా ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం చేసుకున్నాం. దాని అచ్చు మాత్రం పాతదే: నాలుగో సెక్షన్ ప్రకటన, సెటిల్‌మెంట్ ఆఫీసరు, గడువు, 15వ సెక్షన్ కింద తుది ప్రకటన. చాలా చోట్ల నాలుగో సెక్షన్ దగ్గరే పని ఆగిపోయి, హక్కులు తేల్చకుండానే దశాబ్దాల తరబడి భూమి అటవీ శాఖ చేతిలో ఉండిపోయింది.

మారింది 2006లో. అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే అడవి మీద ఆధారపడినవాళ్లకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. హక్కును కొత్తగా ఇవ్వడం కాదు, ఉన్న హక్కును గుర్తించడం అంది. ఈ తేడా పెద్దది. మీకు ఎవరైనా 'ప్రభుత్వం దయతో పట్టా ఇస్తోంది' అని చెబితే, ఆ మాట చట్టంలో లేదని చెప్పండి.

ప్రశ్న: మాది పాడేరు వైపు. మా నాన్న కాలం నుంచి మూడు ఎకరాలు దున్నుతున్నాం. కాగితం ముక్క లేదు. ఆర్వోఎఫ్ఆర్ (అటవీ హక్కుల గుర్తింపు) పట్టాకు ఎక్కడ మొదలుపెట్టాలి? ఏమేం రుజువులు కావాలి?

అడవి భూమి 2005 డిసెంబర్ 13కి ముందు నుంచీ మీ సాగులో ఉండి, ఇప్పటికీ ఉంటే, గిరిజనులుగా మీకు హక్కుంది. ఎంత సాగులో ఉంటే అంతే, కుటుంబానికి 4 హెక్టార్లకు మించకుండా, అంటే దాదాపు 10 ఎకరాలు. దరఖాస్తుకు ఫీజు లేదు. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

మొదలుపెట్టవలసింది ఎమ్మార్వో ఆఫీసులోనో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) లోనో కాదు, మీ గ్రామసభలో. ఏ గ్రామసభ అన్నది ముఖ్యం. చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, గూడెం కూడా ఊరే. పనులు తప్పుదారి పట్టేది ఎక్కువగా ఇక్కడే. పంచాయతీ మొత్తానికి ఒకే సభ పెడతారు. సభకు పెద్దవాళ్లలో కనీసం సగం మంది రావాలి. పన్నెండు గూడేలున్న పంచాయతీలో 1,800 మంది పెద్దవాళ్లుంటే 900 మందిని ఒకచోటికి తేవాలి, అది జరిగే పని కాదు. అదే మీ గూడెంలో 140 మంది ఉంటే 70 మంది చాలు. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి, అంటే 70కి 24 మంది. హక్కుల మీద తీర్మానం చేసే రోజున దరఖాస్తుదారుల్లో కనీసం సగం మంది గానీ వాళ్ల తరఫువాళ్లు గానీ హాజరై ఉండాలి.

ఆ సభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది. మూడింట రెండు వంతులు గిరిజనులు, మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు. ఇప్పటికే కమిటీ ఉంటే దాని తీర్మానం కాపీ సంపాదించండి. సొంత భూమికైతే 'ఫారం ఎ', ఊరి ఉమ్మడి హక్కులకు 'ఫారం బి', ఊరు కాపాడుకునే అడవికి 'ఫారం సి'. ఫారం ఎ లో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయాలి. భూమి రెండు మూడు ముక్కలుగా ఉంటే ప్రతి ముక్కా విడిగా రాయండి. చాలామంది ఇంటి దగ్గరి ముక్క రాసి కొండ మీది ముక్క వదిలేస్తారు. తరవాత దాన్ని చేర్పించుకోవడానికి చాలా తిరగాలి.

ఇక రుజువులు. కాగితం లేదని బెంగపడకండి. అటవీ హక్కుల చట్టం కింద చేసిన నిబంధనల్లో 13వది అడిగేది ఒకటి కన్నా ఎక్కువ రుజువులు, అంటే కనీసం రెండు. అవి వేర్వేరు రకాలవైతే బలం. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు మీరు ఆ ఊరివాళ్లే అని చెబుతాయి. భూమి మీది అని చెప్పేది భూమే: మీరు పేర్చిన రాళ్ల గట్టు, చదును చేసిన మడి, వాగుకు అడ్డంగా కట్టిన చిన్న కట్ట, నాటిన జీడిమామిడి, చింత చెట్లు. పాతకాలపు బావి, శ్మశానం, దేవత రాయి కూడా లెక్కలోకి వస్తాయి. ఫారెస్టు వాళ్లు ఎప్పుడైనా జరిమానా వేసిన రసీదుగానీ, కేసు కాగితంగానీ ఇంట్లో ఉంటే జాగ్రత్తగా తీసిపెట్టండి. ఆ తేదీన మీరు ఆ భూమిలో ఉన్నారని ప్రభుత్వమే రాసిచ్చిన కాగితం అది. లేకపోయినా ఫరవాలేదు. అలాంటి కాగితాలు లేవన్న ఒక్క కారణంతో దరఖాస్తును కొట్టేయకూడదని 2012లో చేర్చిన నిబంధన 12ఎ చెబుతోంది.

పెద్దల వాంగ్మూలం చాలాసార్లు నిలబడదు, కారణం దాన్ని రాసే తీరు. 'తాతల కాలం నుంచి దున్నుతున్నారు' అంటే సరిపోదు. చెప్పే మనిషి దరఖాస్తుదారు కాకూడదు. వయసు, ఊరు, మీతో సంబంధం రాయాలి. భూమికి నాలుగు పక్కలా ఏముందో పేర్లతో చెప్పాలి: తూర్పున ఫలానా గెడ్డ, పడమర ఫలానావాళ్ల చేను, ఉత్తరాన రాతి మెట్ట. కాలాన్ని ఊరందరికీ గుర్తున్న సంగతికి ముడివేయాలి. గోదావరి పక్కవాళ్లయితే '1986 వరదకు ముందే అక్కడ చోళ్లు వేసేవారు' అనవచ్చు. మీ వైపు బడి కట్టిన ఏడో, రోడ్డు వేసిన ఏడో చెప్పవచ్చు.

తరవాత కమిటీ వచ్చి భూమి చూస్తుంది. ఫలానా తేదీన చూస్తున్నామని ఫారెస్టు, రెవెన్యూ వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచాలి. ఈ కాగితం ఒక్కటి లేకపోవడం వల్ల 'మా మనిషి లేడు' అన్న అభ్యంతరంతో ఫైళ్లు ఏళ్లకేళ్లు ఆగాయి. వచ్చినవాళ్లు పంచనామా మీద హోదా, తేదీతో సంతకం చేయాలి, అభ్యంతరం ఉంటే అక్కడే రాయాలి.

చివరికి గ్రామసభ తీర్మానం చేసి సబ్ డివిజన్ కమిటీకి పంపుతుంది. అక్కడి నుంచి కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. తీర్మానాల పుస్తకం విషయంలో ఒకటే మాట: ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి. పేజీలకు నెంబర్లు వేసిన పుస్తకంలో, సభ జరుగుతుండగానే, మొత్తం పెద్దవాళ్లెందరు, వచ్చినవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, దరఖాస్తుదారులెందరు అన్నది అంకెల్లో రాయించి, చదివి వినిపించాక సంతకాలు చేయండి. ప్రతి పేజీనీ ఫోనులో ఫొటో తీసుకోండి. పైస్థాయిలో ఫైలు పోయినా, మాట మారినా మీ చేతిలో మిగిలేది ఆ పుస్తకమే.

ప్రశ్న: నాలుగు ఎకరాలు దున్నుతుంటే పట్టాలో ఎకరం ఇరవై సెంట్లే వచ్చింది. జీపీఎస్ చూపించింది అంతే అంటున్నారు. యంత్రం అబద్ధం చెబుతుందా?
(భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, మరో ముగ్గురు)

యంత్రంలో తేడా ఉంటుంది, వాడే తీరులో ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది. చేతిలో పట్టుకునే జీపీఎస్ ఆకాశం తేటగా కనిపించే చోట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఇప్పచెట్ల కింద, కొండ లోయలో ఆ తేడా పెరుగుతుంది. పెద్ద విస్తీర్ణంలో ఇది తెలియదు, చిన్న చేలో చాలా తెలుస్తుంది. లెక్క చూడండి. చదరంగా ఉన్న ఎకరం ఒక్కో పక్క 63.6 మీటర్లు. సర్వే చేసినవాళ్లు పొదల్లోకి దిగకుండా గట్టుకు 5 మీటర్లు లోపలగా నాలుగు పక్కలా నడిస్తే, పక్క 53.6 మీటర్లకు పడిపోతుంది. ఎకరం కాస్తా 71 సెంట్లు అవుతుంది. 29 సెంట్లు కాగితం మీదే పోయాయి.

ఇంకో కారణం వాలు. పట్టాలో రాసేది సమతలం మీద పడే విస్తీర్ణం. 30 డిగ్రీల వాలున్న కొండ మీద తాడుతో కొలిచి ఎకరం అనుకున్నది పటంలో 87 సెంట్లే. ఇందులో మోసం లేదు, ఎక్కడైనా ఇంతే. అందువల్ల ఈ 13 సెంట్ల కోసం పోట్లాడి శ్రమ వృథా చేసుకోకండి.

నాలుగు ఎకరాలు ఎకరం ఇరవై కావడానికి మాత్రం ఈ రెండూ చాలవు. అక్కడ సాధారణంగా జరిగేది రెండింటిలో ఒకటి. ఒకటి, భూమి ముక్కల్లో ఒకదాన్నే కొలవడం. రెండు, 2005 నాటి ఉపగ్రహ చిత్రంలో పచ్చగా కనిపించిన భాగాన్ని అడవి అని తీసేయడం. పోడులో కొన్నేళ్లు పంట వేసి, కొన్నేళ్లు బీడు వదిలేస్తారు. బీడు వదిలిన మూడో ఏటికి పై నుంచి చూస్తే అది పొదల అడవిలాగే ఉంటుంది. ఆ చిత్రం తీసిన రోజు మీ చేను బీడులో ఉంటే మీ హక్కు పోయినట్టా? పోలేదు. ఉపగ్రహ చిత్రం మిగతా రుజువులకు తోడుగా ఉండాలే తప్ప వాటి స్థానంలోకి రాకూడదని నిబంధన 12ఎ స్పష్టంగా చెబుతోంది.

మీరు చేయవలసింది: పట్టాకు జతచేసిన పటం, మూలల అక్షాంశ రేఖాంశాలు ఐటీడీఏ నుంచి తీసుకోండి. ఫోనుతో ఆ మూలల దగ్గరికి నడిచి ఏ గట్టు వదిలేశారో గుర్తించండి. మీరు సొంతంగా కొలిచేటప్పుడు ప్రతి మూల దగ్గరా రెండు నిమిషాలు ఆగండి, రెండుసార్లు రీడింగ్ తీయండి, మూలలను వరస తప్పకుండా ఒకే దిశలో చుట్టండి. వరస తప్పితే గీతలు ఒకదాన్నొకటి కోసుకుని విస్తీర్ణం తగ్గి కనిపిస్తుంది. ఈ పొరపాటు అధికారిక పటాల్లోనూ కనబడుతుంది. దీన్ని పట్టుకుంటే సవరణ తేలిక. విస్తీర్ణం తగ్గించడం కూడా చట్టం దృష్టిలో దరఖాస్తును మార్చడమే, దాని మీద అప్పీలుకు హక్కుంది. అది కింది జవాబులో చూడండి.

ప్రశ్న: 'మీది రిజెక్ట్ అయింది' అని నోటిమాటగా చెప్పారు. కాగితం ఇవ్వలేదు. ఇప్పుడు ఖాళీ చేయించవచ్చా?
(ములుగు, ఏటూరునాగారం)

నోటిమాట తిరస్కరణ కాదు. ఏ స్థాయిలో తిరస్కరించినా కారణాలు రాసి, దరఖాస్తుదారుకు స్వయంగా అందజేయాలి. అందిన రోజు నుంచి 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. గ్రామసభ నిర్ణయం మీదైతే సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీదైతే జిల్లా కమిటీకి. కమిటీ ఒప్పుకుంటే ఇంకో 30 రోజులు గడువు పెంచవచ్చు. మీ వాదన వినకుండా అప్పీలు తేల్చకూడదు. కాగితం అందలేదు కాబట్టి మీ 60 రోజులు ఇంకా మొదలే కాలేదు.

ఇవాళే ఒక అర్జీ రాయండి. దరఖాస్తు నెంబరు, తేదీ, గ్రామసభ తీర్మానం తేదీ రాసి, 'నిర్ణయం కాపీ, కారణాలు, కమిటీ సమావేశం మినిట్స్ ఇప్పించండి' అని అడగండి. దాంతోపాటు సమాచార హక్కు దరఖాస్తు విడిగా వేయండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు దానికి ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఖాళీ చేయించడం గురించి: పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ కదిలించకూడదని చట్టంలోని 4(5) సెక్షన్ చెబుతోంది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించాలన్న మాట నిజమే. దేశమంతా ఆందోళన రేగింది. అదే నెల 28న కోర్టే ఆ ఉత్తర్వును నిలిపివేసి, తిరస్కరణలు ఏ పద్ధతిలో జరిగాయో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. పాత ఉత్తర్వు కాపీ చూపించి ఎవరైనా భయపెడితే రెండో తేదీ చెప్పండి. గిరిజనుల అటవీ హక్కులకు అడ్డుపడటం 2016 జనవరి నుంచి అట్రాసిటీ చట్టం కింద నేరం కూడా.

ప్రశ్న: మేం గిరిజనులం కాము. 1960ల్లో మా తాత ఏజెన్సీకి వచ్చారు. మాకూ ఈ చట్టం వర్తిస్తుందా?

మీరు రాసిన వివరాలను బట్టి వర్తించదు. గిరిజనేతరులు 2005 డిసెంబర్ 13కి ముందు 75 ఏళ్లపాటు, మూడు తరాలుగా అడవిలో నివసిస్తూ దాని మీదే ఆధారపడి బతికి ఉండాలి. అంటే 1930 చివరికే మీ కుటుంబం అక్కడ ఉండాలి. 75 ఏళ్లూ అదే చేను దున్నాలని లేదు. ఉండాల్సింది నివాసం, ఆధారం.

అది షెడ్యూల్డ్ ప్రాంతంలోని పట్టా భూమి అయితే ఇంకో చట్టం చూసుకోవాలి, అందరూ 1/70 అని పిలిచేది. 1959 నిబంధనలను 1970లో సవరించి, అక్కడ గిరిజనేతరులు భూమిని గిరిజనులకు తప్ప ఇంకెవరికీ బదిలీ చేయకూడదన్నారు. మీ చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సింది మీరే. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా ఆ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వకూడదని తీర్పిచ్చింది. మీ కష్టం మాకు అర్థమవుతుంది. తాత చేసిన పనికి మనవడు బాధ్యుడా అని మీరు అడిగారు. కానీ ఈ రక్షణ లేకపోతే భూమి గిరిజనుల చేయి దాటిపోతుంది. దీన్ని సడలించాలన్న వాదనను మేం సమర్థించలేం.

ప్రశ్న: ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల సంగతేమిటి?

2005 డిసెంబర్ తరవాత వచ్చి కొట్టిన పోడుకు ఈ చట్టం కింద పట్టా రాదు. సల్వాజుడుం (మావోయిస్టుల మీద ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం) హింసకు తట్టుకోలేక వచ్చినవాళ్లు చాలామంది ఈ కోవలోకే వస్తారు. చట్టంలోని 3(1)(ఎం) సెక్షన్ కింద తమ సొంత చోటు నుంచి అక్రమంగా వెళ్లగొట్టబడ్డవాళ్లకు పునరావాసం హక్కుగా ఉంది గానీ, దానికి కూడా 2005 డిసెంబర్ 13కి ముందే వెళ్లగొట్టబడి ఉండాలి. పట్టా రాకపోయినా మంచినీళ్లు, పిల్లల బడి, వైద్యం ఆపడానికి ఎవరికీ అధికారం లేదు. ఆ పిల్లలు ఈ దేశ పౌరులు.

ప్రశ్న: ఒక్కొక్కరికీ పట్టాలు వచ్చాయి. ఊరి అడవి మీద ఊరికి హక్కు రావాలంటే? వీఎస్ఎస్ (వన సంరక్షణ సమితి) ఉంది కదా, ఇంకెందుకు అంటున్నారు.
(రంపచోడవరం)

ఈ చట్టంలో అన్నిటికన్నా విలువైనదీ, అందరూ వదిలేసిందీ ఇదే. వీఎస్ఎస్ అటవీ శాఖ పెట్టిన సమితి, దాని కాగితాలు శాఖ దగ్గరే ఉంటాయి. చట్టం హక్కు ఇచ్చేది గ్రామసభకు. ఉమ్మడి హక్కు పత్రం వీఎస్ఎస్ పేరు మీద ఉంటే దాన్ని గ్రామసభ పేరు మీదికి మార్చమని తీర్మానం చేయండి.

ఫారం సి తో పాటు పటం కావాలి. దానికి ఊరి పెద్దలు, అడ్డాకుకూ చింతపండుకూ తప్సి జిగురుకూ తిరిగే ఆడవాళ్లు, పశువుల కాపర్లు కలిసి హద్దు నడవాలి. ఆడవాళ్లు తిరిగే దారులు మగవాళ్లకు తెలియవు, వాళ్లు లేకుండా గీసిన పటం చిన్నదైపోతుంది. పక్క ఊళ్లను ముందే పిలిచి హద్దు మీద వాళ్ల సంతకం తీసుకోండి. రెండు ఊళ్లూ వాడుకునే అడవి అయితే ఉమ్మడిగా రాయండి. హద్దు తగాదా మీద ఫైలు ఆగితే కదిలించడం కష్టం.

హక్కు వస్తే వెదురు, బీడీ ఆకు సహా చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం ఊరిదే. సరుకు బయటికి పంపే పర్మిట్ గ్రామసభ కమిటీయే ఇస్తుంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు ఊరు 2009లో ఈ హక్కు సంపాదించింది. 2011లో రవాణా పర్మిట్ పుస్తకం చేతికి తీసుకుని తన వెదురును తానే అమ్ముకుంది. గోదావరికి ఈవల మనకు అలాంటి ఊళ్లు ఎందుకు ఉండకూడదు?

ప్రశ్న: అమ్రాబాద్ పులుల అడవిలో చెంచులం. బయటికి వెళ్తే డబ్బులిస్తామంటున్నారు. తీసుకోవాలా?

తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ వరస మాత్రం తప్పకూడదు. అటవీ హక్కుల చట్టం పులుల అభయారణ్యాల్లోనూ వర్తిస్తుంది. ముందు మీ హక్కులు గుర్తించాలి. తరవాత గ్రామసభ అన్నీ తెలుసుకుని, ఇష్టపూర్వకంగా, రాతలో ఒప్పుకోవాలి. వెళ్లే చోట భూమి, ఇళ్లు, సౌకర్యాలు పూర్తయ్యాకే కదలాలి. 'ముందు రండి, తరవాత కడతాం' అంటే సంతకం పెట్టకండి. చెంచుల వంటి ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద విడిగా ఒక హక్కుంది. దాన్ని కోరకుండానే బయటికి వెళ్తే ఆ హక్కు అడగడానికి చోటే ఉండదు.

ప్రశ్న: అందరికీ పట్టాలిస్తూ పోతే అడవి మిగులుతుందా? నేను అడవి శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నా బాధ నిజమైనది.

నిజమైనదే. పట్టా వస్తుందన్న ఆశతో 2005 తరవాత కొత్తగా కొట్టిన అడవి ఉంది, గిరిజనుల పేరు మీద బయటివాళ్లు కొట్టించినదీ ఉంది. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు తగాదాలో ఒక రేంజి అధికారి ప్రాణం పోయింది. ఆ కుటుంబానికి జరిగిన నష్టం తీరేది కాదు. మరోవైపు, సాగులో ఉన్న చేలల్లో కందకాలు తవ్వి మొక్కలు నాటిన ఘటనలూ ఉన్నాయి.

కానీ చట్టం చేసింది అడవిని పంచిపెట్టడం కాదు. 2005 నాటికి ఉన్న సాగును గుర్తించి అక్కడ గీత గీయడం. 2023 జూన్ చివర్లో తెలంగాణలో మొదలైన పంపిణీలో దాదాపు 1.51 లక్షల మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు. ఎన్నికల ముందు ఒక్కసారిగా, పైనుంచి కిందికి పంచితే 'ఈసారి కాకపోతే వచ్చేసారి' అన్న ఆశ పుడుతుంది, గొడ్డలి అక్కడ లేస్తుంది. గీత ఒకసారి నిజాయితీగా గీసి, ఊరికి తన అడవి మీద హక్కిచ్చి, కొత్తగా కొట్టినవాణ్ణి ఊరే ఆపగలిగితే ఆ ఆశ చచ్చిపోతుంది. గ్రామసభకు అడవిని కాపాడే అధికారం అయిదో సెక్షన్ ఇస్తోంది. మీవంటి అనుభవం ఉన్నవాళ్లు గీతలు గీసే రోజున ఊరి పక్కన నిలబడితే చాలా తగాదాలు పుట్టకుండానే పోతాయి.

ప్రశ్న: మా ఆయన పోయారు. పట్టా ఇద్దరి పేరు మీదా ఉంది. బావగారు భూమి తనదంటున్నారు. అమ్మేస్తే గొడవ పోతుందని కొందరు అంటున్నారు.
(ఉట్నూరు)

అమ్మా, అమ్మడానికి కుదరదు, తాకట్టు పెట్టడానికీ కుదరదు. ఎవరు కొన్నా ఆ కాగితం చెల్లదు. ఈ భూమి వారసత్వంగానే వెళ్తుంది. పట్టాలో మీ పేరు ఉన్నంతవరకు మీ హక్కు మీదే, అది మీ ఆయన వాటాగా వచ్చింది కాదు. నేరుగా వారసులు లేనప్పుడే దగ్గరి బంధువుల మాట వస్తుంది. మీకు పిల్లలున్నారని రాశారు కాబట్టి బావగారికి ఇందులో వాటా లేదు.

మరణ ధ్రువపత్రం, పట్టా నకలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి, రికార్డులో ఆయన పేరు స్థానంలో పిల్లల పేర్లు చేర్చమని ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసరుకు, తహసీల్దారుకు రెండు అర్జీలు ఇవ్వండి. రెండింటి మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి. గ్రామసభలో కూడా ఒక తీర్మానం రాయించండి. ఈలోగా సాగు ఆపకండి. ఈ వానాకాలం విత్తనం మీ చేత్తోనే పడాలి. పీఎం కిసాన్, రైతు సాయం పథకాలకు ఆర్వోఎఫ్ఆర్ పట్టాదారులు కూడా అర్హులే. మీ ఆయన పేరు మీద డబ్బు వస్తుంటే ఆ ఖాతా బదులు మీ ఖాతా నెంబరు ఇవ్వడం మరచిపోకండి.